కార్టూన్ చూసి నవ్వేసినాక ఇంకోసారి చూడండి

మా మామకి పొద్దున్నే తిరుపతి బస్టాండు దగ్గర టీ కొట్లో పేపర్ చేతికి రాగానే హెడ్డింగులు కూడా చూడడు, ఫస్ట్ కార్టూన్ యాడుందో వెతుక్కుంటాడు, చూసి ఫక్కున నవ్వి పక్కనోడి మోకాలి మీద ఒకటి కొట్టి "కరెక్టుగా వేసినాడబ్బా" అంటాడు. మొన్నొకసారి అడిగినా, ఏం కరెక్టు మామా అని. "అదేరా, ఆయన చూడు ఎంత లావుగా కూర్చోనుండాడో, జనం చూడు ఎట్ట బక్కచిక్కి ఉండారో" అన్నాడు. అందులో ఒక లెక్క లేదు, ఒక రుజువు లేదు, ఒకర్ని లావుగా ఇంకొకర్ని బక్కగా గీసినారు అంతే, మా మామ ఒప్పేసుకున్నాడు. అదే మాట ఎడిటోరియల్‌లో రాసుంటే అరగంట వాదించేటోడు.

పొలిటికల్ కార్టూన్ పనిచేసేది ఇట్టనే. నవ్వు ముందొచ్చేస్తుంది, ఆలోచన వెనకాల మెల్లగా వస్తుంది, ఆ సందులోనే కార్టూనిస్టు తన పని ముగించుకుని పోతాడు. నవ్వద్దని కాదు, నవ్వకుంటే ఇంక కార్టూన్ ఎందుకు, కాకపోతే నవ్వినాక ఒక్క రెండు నిమిషాలు మళ్ళా చూస్తే మనల్ని యాడ పట్టుకున్నాడో తెలిసిపోతుంది.

ముందు చూడాల్సింది బొమ్మ కాదు, మూల. సంతకం, తేదీ. ఇది నేను సిగ్గుపడి నేర్చుకున్న పాఠం. ఎలక్షన్ల టైంలో ఎవరో పంపిన కార్టూన్ భలే ఉందని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసినా, పది నిమిషాల్లో మా చిన్నాయన రిప్లై, "ఒరే నాయనా, ఇందులో ఉండే మంత్రి పోయి మూడేళ్ళయిందిరా" అని. చూస్తే కింద సంతకం, తేదీ రెండూ నీట్‌గా కట్ చేసేసి ఉండారు. కార్టూన్ అంటే ఆ వారం జరిగిన గొడవకి రిప్లై, ఆ గొడవ ఏందో తెలియకుంటే సగం ఫోన్ సంభాషణ విన్నట్టే, మిగతా సగం మనమే ఊహించుకుంటాం, మనకి నచ్చినట్టే ఊహించుకుంటాం.

తర్వాత మొహం. ఇందిరా గాంధీ అంటే పొడుగు ముక్కు, జుట్టులో తెల్ల పాయ. పీవీ నరసింహారావు అంటే ముడుచుకున్న మూతి. అంతవరకు గుర్తుపట్టడానికి, దాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అనుమానించాల్సింది ఆ మనిషిలో లేనిదాన్ని తెచ్చి అతికించినప్పుడు, కోరలో, పొట్టో, నాలుక చివర చీలికో. ముక్కు పెద్దది చేస్తే "ఇది ఫలానా ఆమె" అని చెప్తున్నట్టు, కోర పెడితే "ఈమె ఇట్టాంటిది" అని చెప్తున్నట్టు. రెండోది ఒక ఆరోపణ, బొమ్మ రూపంలో ఉంది కాబట్టి ఎవరూ సాక్ష్యం అడగరు.

అమెరికాలో థామస్ నాస్ట్ అనే ఆయన 1871లో జనం సొమ్ము మేసిన న్యూయార్క్ లీడర్ ట్వీడ్‌ని హార్పర్స్ వీక్లీలో ఎట్ట గీసినాడంటే, పొట్ట, కోటు అన్నీ మామూలే, తలకాయ ఉండాల్సిన చోట మాత్రం డాలర్ గుర్తున్న డబ్బు సంచి. ఇంక మాట అక్కర్లా. తర్వాత ట్వీడ్ జైలు తప్పించుకుని స్పెయిన్ పారిపోతే 1876లో ఆ దేశం అధికారులు ఆయన్ని నాస్ట్ కార్టూన్ల సాయంతోనే గుర్తుపట్టి పట్టుకున్నారు. వెక్కిరించడానికి గీసిన బొమ్మ పోలీసు ఫోటో పని చేసింది చూడండి.

మనకి ఇదేం కొత్త కాదులెండి. మా తిరుపతి గంగమ్మ జాతర చూసినోళ్ళకి చెప్పక్కర్లేదు, బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, ఒంటికి రంగు పూసుకుని చేతిలో కొమ్మ పట్టుకుని వీధిలో ఎదురొచ్చినోళ్ళని నోటికొచ్చినట్టు బూతులు తిడతారు, పెద్ద చిన్న లేదు, ఎవరూ కోపం తెచ్చుకోరు. ఆ జాతర కథే పాలెగాడి అరాచకం మీద. వేషం వేస్తే తిట్టే లైసెన్స్ వస్తుంది, కార్టూనిస్టుకి ఆ లైసెన్స్ గీత ఇస్తుంది. కాకపోతే జాతరలో అందరికీ తిట్లు సమానంగా పడతాయి, పేపర్లో అట్ట కాదు.

గుర్తుల సంగతి చప్పున చెప్పేస్తా, మనోళ్ళకి బాగా తెలిసిందే. సైకిల్, ఫ్యాన్, చెయ్యి, కమలం, గాజు గ్లాసు. ఎలక్షన్ గుర్తులు మన కార్టూనిస్టులకి దొరికిన వరం, సైకిల్‌కి గాలి తీసేస్తారు, ఫ్యాన్‌కి కరెంటు పీకేస్తారు, గ్లాసుకి బీట పెట్టేస్తారు. చూడాల్సింది ఒక్కటే, దెబ్బ గుర్తుకి తగిలిందా లేక ఆ పార్టీ చేసిన ఒక పనికి తగిలిందా. గుర్తుకి మాత్రమే తగిలితే అది తిట్టు, విమర్శ కాదు.

ఇప్పుడు ఒక కార్టూన్ మనమే ఊహించుకుందాం. తిరుపతిలో పెద్ద వాన పడింది, రోడ్డు మధ్యలో గుంత, గుంతలో నడుముదాకా నీళ్ళల్లో ఒక ముసలాయన, నెత్తిన చెప్పులు పెట్టుకుని నిలబడుండాడు. పైన ఆకాశమంత ఫ్లెక్సీ, అందులో లీడర్ నవ్వుతా చెయ్యి ఊపుతుండాడు, కింద "స్మార్ట్ సిటీకి స్వాగతం" అని. ముసలాయన పైకి చూస్తుండాడు, లీడర్ మాత్రం ముసలాయన్ని చూడ్డంలేదు, ఫ్రేమ్ బయటికి, అంటే మనవైపు చూస్తుండాడు.

ఏమేం జరిగినాయో లెక్కపెట్టండి. సైజు, లీడర్ పెద్ద, మనిషి చిన్న, గుళ్ళో శిల్పాల్లో దేవుడు పెద్దగా భక్తుడు చిన్నగా ఉండేదే, ఈడ దాన్ని తిరగేసినారు, పెద్దగా ఉండేదే తప్పు అన్నట్టు. చూపు, ముసలాయన చూపు పైకి పోయింది కాబట్టి మన కళ్ళు కూడా ఆటోమేటిక్‌గా ఆయన వెనకే పైకి పోతాయి, అంటే తెలీకుండానే మనం గుంతలో నిలబడిపోయినాం. ఆర్కే లక్ష్మణ్ గళ్ళ కోటు వేసుకున్న కామన్ మ్యాన్ ఏళ్ళ తరబడి ఒక్క మాటా మాట్లాడకుండా చేసింది ఇదే, మనల్ని తన పక్కన నిలబెట్టుకోవడం. ఆ చెప్పులు నెత్తి మీద పెట్టుకోవడం చూడండి, అది నాకు భలే ఇష్టం, చిన్న డీటెయిల్, ఈయన చెప్పులు అపురూపంగా చూసుకునే పేదోడు అని ఒక్క లైన్ లేకుండా చెప్పేసింది, జాలి పుట్టించింది. ఇంక ఆ ఫ్లెక్సీ మాట ఎత్తిపొడుపు, రాసింది ఒకటి, చూపించింది దానికి రివర్స్.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు ఇందులో లేనిదేంది? డ్రైనేజీ ఎవరి కింద ఉంది, చెరువులు, కాలవలు ఎవరు ఎప్పుడు ఆక్రమించి ఇళ్ళు కట్టినారు, ఆ రోజు ఎంత వాన పడింది, ముందు గవర్నమెంట్ ఏం చేసింది, ఇవేవీ లేవు. ఉండవు కూడా, కార్టూన్‌లో అంత చోటు లేదు, అది దాని తప్పు కాదు. కానీ "లీడర్ వల్లే గుంత" అని మన బుర్రలో పడిపోయిన లైన్ బొమ్మలో యాడా రాసిలేదు, దాన్ని మనమే పూర్తి చేసినాం. మనమే పూర్తి చేసినాం కాబట్టే అంత గట్టిగా నమ్ముతాం.

లేనిదాన్ని చూడ్డంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది అబూ అబ్రహాం అనే కార్టూనిస్టు 1975 డిసెంబర్‌లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వేసింది. ఎమర్జెన్సీ నడుస్తుంది. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ స్నానాల తొట్టిలో ఉండాడు, ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టి అట్టనే చెయ్యి చాపి బయటికి ఇచ్చేస్తుండాడు, ఇంకా ఏమన్నా ఆర్డినెన్సులు ఉంటే కాస్త ఆగమను అంటుండాడు. అంతే. ఇందిరా గాంధీ బొమ్మలో లేదు. పేరు లేదు, ముక్కు లేదు, తెల్ల పాయ లేదు. కానీ దేశంలో ప్రతి ఒక్కరికీ ఆ కాగితాలు ఎవరు పంపిస్తుండారో తెలుసు. సెన్సార్ ఉన్న రోజుల్లో గీయకుండా గీసినాడు. కార్టూన్‌లో ఎవరు లేరు అని అడగమనేది అందుకే.

పోలికతో చేసే కార్టూన్లు ఇంకొంచెం డేంజర్. రాష్ట్రం అప్పుల గురించి వచ్చే ప్రతి పది బొమ్మల్లో కొన్ని ఒకే మాదిరి ఉంటాయి, ఇంటి పెద్ద తాకట్టు కొట్లో పుస్తెలు పెడతుంటాడు, భార్య ఏడుస్తుంటుంది, పిలకాయలు గోచీతో. చూడగానే గుండె కలుక్కుమంటుంది. ఇట్టాంటిది కనిపిస్తే ఆ పోలికని ఇంకో అడుగు ముందుకి నడిపించి చూడండి. ఇంటాయనకి వయసైపోతే సంపాదన ఆగిపోతుంది, గవర్నమెంట్‌కి రిటైర్మెంట్ లేదు, ఏటా పన్నులు వస్తానే ఉంటాయి, పాత బాండ్లు కట్టేదానికి కొత్త బాండ్లు వేస్తుంది. ఇంట్లో ఆ పని చేస్తే మునిగిపోతాం. అప్పు మంచిదని చెప్పడంలేదు నేను, అప్పు ఎక్కువైతే ప్రమాదమే, దేనికి చేసినారు, వడ్డీ ఎంత అనేది అసలు ప్రశ్న, పుస్తెల బొమ్మ ఆ ప్రశ్నని అడగనివ్వకుండా ఏడిపించి పంపించేస్తుంది.

ఇంకొకటి, చూసే మనిషిని బట్టి కూడా బొమ్మ మారిపోతుంది. 1949లో శంకర్ ఒక కార్టూన్ వేసినాడు, రాజ్యాంగం అనే నత్త మీద అంబేడ్కర్ గారు కూర్చోనుంటారు, చేతిలో కొరడా, వెనకాల నెహ్రూ గారు కూడా కొరడా ఎత్తుంటారు. అప్పట్లో దాని అర్థం రాజ్యాంగం రాసే పని ఎంత స్లోగా నడుస్తుందో అని. అదే కార్టూన్ ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో క్లాస్ పుస్తకంలో ఉంటే 2012లో పార్లమెంట్‌లో పెద్ద గొడవైంది. అరవై ఏళ్ళ తర్వాత చూసినోళ్ళకి నత్త కనపడలేదు, అంబేడ్కర్ వెనక ఎత్తిన కొరడా కనపడింది. ఎవరు తప్పు చదివినారు అంటే, తరతరాలుగా కొరడా దెబ్బలు తిన్నోళ్ళకి ముందు కొరడానే కనపడుతుంది, అందులో తప్పేముంది. గీసినాయన ఏమనుకున్నాడు, నేను ఏం చూస్తుండా, ఇంకొకరు ఏం చూస్తారు, ఈ మూడూ వేరువేరుగా రాసుకోండి, ముఖ్యంగా పరీక్షలకి చదివే పిలకాయలు. "ఈ కార్టూన్ ఫన్నీగా ఉంది" అని రాస్తే మార్కులు రావు.

ఇవన్నీ గుర్తులేకున్నా చివర్లో ఒక్క పని చెయ్యండి, పార్టీ మార్చి చూడండి. అదే బొమ్మ, అదే గుంత, గుర్తు మాత్రం మీకు నచ్చిన పార్టీది పెట్టండి. అప్పుడూ నవ్వొస్తే కార్టూన్‌లో దమ్ము ఉన్నట్టు.

నిన్న టీ కొట్లో మా మామ మీద ఇదే ట్రై చేసినా. మళ్ళా ఏదో చూసి కిసుక్కున నవ్వుతుంటే, బొమ్మలో కండువా మీదుండే గుర్తు మీద నా బొటనవేలు పెట్టి, మామా, ఇది మనోళ్ళ గుర్తు అనుకో అన్నా. కాసేపు చూసినాడు. టీ ఒక గుటక తాగినాడు. "ఇందులో నవ్వేదానికి ఏముందిరా" అన్నాడు, అని, మెల్లగా నా వేలు పక్కకి జరిపి, మళ్ళా నవ్వడం మొదలుపెట్టినాడు.