డీజిల్ జీపులో ఆయిల్ ప్రెషర్ ముల్లు పైనే ఉండిపోతే

పొద్దున స్టార్ట్ చేయగానే ముల్లు 5 బార్ దాకా ఎక్కితే కంగారొద్దు, చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది. 20 నిమిషాలు తిప్పి, ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లోనూ దిగకపోతేనే అనుమానించాలి.

ముందు ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో పెట్టండి. ముల్లు సున్నాకు రాలేదా? తప్పు సెండర్‌దో (ఇంజిన్ మీద ఉండి, ప్రెషర్ ఎంతో మీటర్‌కు చెప్పే సెన్సర్), వైరుదో, మీటర్‌దో. సున్నాకు వస్తే సెండర్ విప్పి, అదే రంధ్రంలో మెకానికల్ గేజ్ (కరెంటు లేకుండా ఆయిల్ ఒత్తిడితోనే నడిచే మీటర్) బిగించి చూడండి. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి.

అదీ ఎక్కువే చూపిస్తే, 15డబ్ల్యూ-40 ఆయిల్ పోయాల్సిన చోట అంతకంటే చిక్కటి 20డబ్ల్యూ-50 పోశారేమో కనుక్కోండి. కాకపోతే తప్పు రిలీఫ్ వాల్వ్‌ది, అంటే ప్రెషర్ మితిమీరితే తెరుచుకుని ఆయిల్‌ను వెనక్కి వదిలే వాల్వ్. ప్లగ్ విప్పి స్ప్రింగు, పిస్టన్ తీయండి. ఆయిల్ రాసిన పిస్టన్ తన బరువుకే జారాలి. దాని మీద గీతలు గానీ మడ్డి గానీ ఉంటే వాల్వ్ మూసుకున్నచోటే ఇరుక్కుంటుంది. స్ప్రింగు వెనక అదనపు వాషర్ కనిపించినా ఆశ్చర్యం లేదు, ప్రెషర్ పెంచి చూపడానికి అరిగిన ఇంజిన్ అమ్మేవాళ్ల పాత కిటుకు అది. ఫిల్టర్ డబ్బా ఉబ్బినా, దాని రబ్బరు దగ్గర కారినా వేలు ఈ వాల్వ్ వైపే చూపిస్తుంది.

గేజ్ ఎక్కువ చూపిస్తూ ఇంజిన్ పైన వాల్వ్‌లను నొక్కే రాకర్ల దగ్గర పొడిగా ఉంటే మాత్రం గ్యాలరీ (ఆయిల్ పారే లోపలి దారి) మూసుకుపోయినట్టే, వెంటనే ఇంజిన్ ఆపేయండి.