విరాళం రెట్టింపయ్యే దారి

2023లో తుర్కియే, 2025లో మయన్మార్ లాంటి భూకంపాలప్పుడు మనమిచ్చే 50 డాలర్లు ఏ మూలకులే అనిపిస్తుంది. అమెరికాలో ఉద్యోగం చేసేవాళ్లు డబ్బు పంపేముందు కంపెనీలో మ్యాచింగ్ ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగండి. చాలా పెద్ద కంపెనీలు మనం ఇచ్చినంత తామూ కలుపుతాయి. 50 కాస్తా 100 అవుతుంది. విరాళం అందుకునే సంస్థ తొమ్మిదంకెల గుర్తింపు నంబరును (ఈఐఎన్) అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ సైట్‌లో వెతికి సరిచూసుకోండి, రెండు నిమిషాల పని. విరాళం ఇచ్చాక ఈమెయిల్‌లో వచ్చే రసీదును కంపెనీ పోర్టల్‌లో పెట్టాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, బాధితులకు చేరాల్సిన సగం డబ్బు కదలనే కదలదు. దయచేసి అదే రోజు పెట్టేయండి. గోఫండ్‌మీ అనే విరాళాల సైట్‌లో ఒక కుటుంబం కోసం తెరిచిన నిధికి ఇస్తే మాత్రం మామూలుగా మ్యాచింగ్ రాదు, పన్ను మినహాయింపూ ఉండదు.