ఆపరేషన్ తేదీ తప్పిపోకుండా చూసుకోవడం ఎలా?

తేదీ తీసుకున్న రోగి ఆ రోజున ఆసుపత్రికి రాకపోతే భయపడి ఆగిపోయాడని తేల్చేయడం సులభం. భయమూ ఉండవచ్చు గాని, తీరా విచారిస్తే తోడు రావలసిన కొడుక్కి సెలవు దొరకలేదనో, వరి కోతలు అడ్డం వచ్చాయనో, అమావాస్య అని పెద్దవారు వద్దన్నారనో తెలుస్తుంది. ఇవేవీ చివరి రోజున ఊడిపడేవి కావు. కాబట్టి డాక్టరు తేదీ చెప్పినప్పుడు, తలూపే ముందే, ఇంటి పరిస్థితి ఒక్కసారి తలచుకోవాలి. తిథివారాల పట్టింపు ఉంటే మొహమాటపడకుండా అక్కడే చెప్పాలి; కంటి శుక్లాల వంటి అత్యవసరం కాని ఆపరేషన్‌ను నాలుగు రోజులు అటూఇటూ జరపడానికి సాధారణంగా వీలుంటుంది.

ఎవరో ఒకరు వస్తారులే అనుకోకుండా తోడు ఫలానా మనిషి అని, ఆ మనిషికి వీలు కాకపోతే మరొకరు అని ముందే అనుకోవాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద గాని, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద గాని చేయించుకునేవారు ఆధార్, రేషన్ కార్డుల్లో పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రకు చూపించి, పథకం కింద అనుమతి వచ్చిందని తెలుసుకున్నాకే బయలుదేరాలి.

ఆసుపత్రి దాకా వచ్చి కూడా ఆపరేషన్ జరగక వెనుదిరగడం ఇంకా బాధాకరం. దీనికి పరగడుపు నియమాన్ని సరిగా అర్థం చేసుకోకపోవడం ఒక ముఖ్య కారణం. మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్‌కు కనీసం 6 గంటల ముందు భోజనం, టిఫిన్ మానేయాలని, 2 గంటల ముందు వరకు మంచినీళ్లు తాగవచ్చని సాధారణంగా చెబుతారు. పాలు నీళ్లలాంటివి కావు, అన్నంతో సమానంగా లెక్క. తెల్లవారుజామున అలవాటు కొద్దీ తాగిన అరగ్లాసు పాల టీ చాలు, ఆపరేషన్ వాయిదా పడడానికి. ఆ సంగతి దాచడం మాత్రం ప్రాణాపాయం. మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. రక్తం పలుచబడే బిళ్లలు, షుగరు మందులు ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో డాక్టరునే అడిగి చీటీ మీద రాయించుకోవాలి.

జ్వరమో దగ్గో వస్తే ఇంట్లో ఉండిపోకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ముందు రోజే కబురు చేస్తే ఆ సమయం మరొక రోగికి ఇవ్వగలుగుతారు; మీ కొత్త తేదీ కూడా ఆ ఫోనులోనే అడిగి రాసుకోవాలి.