గడ్డి యంత్రానికి చిక్కిన నాగజెముడును బతికించుకోవడం

విజయనగరంలో నాలుగు వానలు పడ్డాయంటే గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది, మా వీధిలో యంత్రం మోగుతుంది. నడిపే మనిషికి ప్రహరీ పక్కనున్న ముదురు నాగజెముడూ గడ్డీ ఒకటే. ఏం చెప్పినా తలూపుతాడు, అంతే. అయినా తెగినదాన్ని పారేయకండి.

యంత్రంలోని నైలాన్ తాడు మొక్కను కోయదు, చీరుతుంది. ఆ పీచుపీచు గాయంలో నీరు నిలిస్తే కుళ్లు పడుతుంది. పదునైన కత్తిని స్పిరిట్‌తో తుడిచి, గాయానికి దిగువన గట్టిగా, పచ్చగా ఉన్న చోట ఏటవాలుగా కోయండి. కోతలో గోధుమరంగు మచ్చ కనిపిస్తే ఇంకాస్త కిందికి దిగాలి, ప్రతిసారీ కత్తి తుడుస్తూ. పైన గంధకం పొడి చల్లండి. పసుపు పూసేవారున్నారు కానీ నాకు గంధకమే నమ్మకం.

తెగిపడిన మట్టలను మందపాటి కాగితంతో పట్టుకోండి. పెద్ద ముళ్లు కనిపిస్తాయి కాబట్టి ఫరవాలేదు. వాటి మొదట్లోని నూగుముళ్లే ఏడిపిస్తాయి. గుచ్చుకుంటే టేపు అంటించి లాగేయండి. మట్టలను వారం, రెండు వారాలు నీడలో, గాలి తగిలేచోట ఆరనివ్వండి. కోసిన చోటు వేలికి తడి అంటనంతగా బిరుసెక్కాలి. తర్వాత సగానికి సగం ముతక ఇసుక కలిపిన మట్టిలో కొద్ది లోతున నిలబెట్టండి. పేడ ఎరువు వద్దు. మెల్లగా లాగినప్పుడు పట్టు తెలిసేదాకా నీళ్లూ వద్దు. వానాకాలమైతే కుండీని చూరు కిందే ఉంచండి.

పాత మొదలు చుట్టూ జానెడు వెడల్పున గడ్డి చేత్తో పీకి, గులకరాళ్లు పరవండి. రాయి ఎగిరి కాలికి తగులుతుందన్న భయంతోనైనా యంత్రం అటు రాదు.