మొరాయించే చైన్ సా: స్క్రూల జోలికి చివర్లో వెళ్లండి

చైన్ సా స్టార్ట్ కాలేదంటే చాలామంది ముందు స్క్రూడ్రైవర్ అందుకుంటారు. కార్బరేటర్ స్క్రూలు అటూ ఇటూ తిప్పేసి, తాడు లాగి లాగి రెక్కలు పడిపోయాక మెకానిక్ దగ్గరికి మోసుకొస్తారు. అప్పటికి ఒక లోపం కాస్తా రెండవుతుంది. నిన్నటిదాకా బాగా కోసిన మిషనులో స్క్రూలు రాత్రికి రాత్రి వాటంతట అవి ఎందుకు తిరుగుతాయి? మారింది పెట్రోలు. లేదా ఎక్కడో చెత్త అడ్డుపడింది.

తుఫాను వచ్చినప్పుడు ఈ సంగతి బాగా బయటపడుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం కొబ్బరి తోటలను కూల్చినప్పుడు, పడ్డ చెట్లు తీయడానికి మిషన్లన్నీ ఒక్కసారే కావాల్సి వచ్చాయి. ఏడాదిగా పాత పెట్రోలుతో మూలన పడున్న మిషను అలాంటి పొద్దున ఒక్క లాగుడుకే అందుకోవాలనుకోవడం అత్యాశ.

కావాల్సినవి: ప్లగ్గు స్పానరు, స్క్రూడ్రైవరు, కార్బరేటర్ క్లీనర్ స్ప్రే, పాత టూత్ బ్రష్, కొత్త ఫ్యూయల్ ఫిల్టరు, గాజు సీసా, మెడికల్ షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి. పని ఆరుబయట చేయండి, చుట్టుపక్కల బీడీ, సిగరెట్ వెలగకూడదు.

పెట్రోలు

ట్యాంకులో ఉన్నదంతా గాజు సీసాలోకి వంచి, కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే కారణం దొరికినట్టే. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీరు ఎక్కువైతే పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతుంది. ట్యాంకులో పైపు పీల్చేది ఆ అడుగునుంచే. పొర కనిపించకపోయినా, పుల్లటి వార్నిష్ వాసన వస్తే పారేయాల్సిందే. నెల దాటిన మిక్సింగ్ పెట్రోలు (ఆయిల్ కలిపి ఉంచింది) చైన్ సాలో పోయకూడదు, అంతే.

కొత్తది కలిపేటప్పుడు మిషను పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్, 25:1 అని ఉంటే 40. సిరంజి అందుకే. మూతతో ఉజ్జాయింపుగా పోసేవాళ్లు, ‘కాస్త ఎక్కువైతే ఇంజనుకు మంచిదేలే’ అనుకునేవాళ్లు తర్వాత ప్లగ్గు నల్లబడిందని వాపోతారు. కారు ఇంజనాయిల్ పోస్తే ఇక చెప్పేదేముంది.

ప్లగ్గు, ఫిల్టరు, మూత

చోక్ వేసి నాలుగైదుసార్లు తాడు లాగి ప్లగ్గు విప్పండి. పొడిగా ఉంటే పెట్రోలు పైకి రావడం లేదు. తడిసి ముద్దయితే ఎక్కువ వచ్చింది, లేదా స్పార్క్ లేదు. తడిసి ఉంటే స్విచ్ ఆపి, ప్లగ్గు లేకుండానే మిషనును తలకిందులు చేసి కొన్నిసార్లు లాగండి, లోపలి పెట్రోలు బయటికి చిమ్ముతుంది, మొహం పక్కకు పెట్టుకోండి. గ్యాప్ 0.5 మిల్లీమీటర్లు చూసుకుని, పాతబడితే కొత్త ప్లగ్గు వేయండి.

ట్యాంకులోని ఫిల్టరును వంచిన తీగతో బయటికి లాగి మార్చేయండి. కడిగి మళ్లీ వేయడం పిసినారితనం. దాని పైపు వేళ్లతో నలిపి చూడండి. జిగురుగానో, పెళుసుగానో ఉంటే అదీ మార్చాలి. ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయండి, సైలెన్సర్ జాలీ మీద మసి గీకండి.

మిషను స్టార్టయ్యి, పది నిమిషాలు కోసి, నెమ్మదిగా నీరసపడి ఆగిపోతోందా? వెంటనే ట్యాంకు మూత కొద్దిగా వదులు చేయండి. ‘స్స్’ మంటూ గాలి లోపలికి పీల్చుకుని, మిషను మళ్లీ మామూలుగా నడిస్తే తప్పు కార్బరేటర్‌ది కాదు. ట్యాంకులోకి గాలి వెళ్లే చిన్న దారి మూసుకుపోయింది. ఇంజను వేడిగా ఉండగా మూత పూర్తిగా తీయకండి.

కార్బరేటర్ విప్పాల్సి వస్తే

ఇది బైకు కార్బరేటర్ కాదు. బైకులో పెట్రోలు మీద తేలే ఫ్లోట్ ఉంటుంది, అది నిలువుగా ఉంటేనే పనిచేస్తుంది. రంపాన్ని అడ్డంగా, తలకిందులుగా కూడా పట్టుకుంటాం కాబట్టి ఇందులో డయాఫ్రం అనే పల్చటి పొర ఉంటుంది. అది గట్టిపడి అట్టలా అయితే పెట్రోలు సరిగ్గా అందదు. వేలితో తాకితే మెత్తగా వంగాలి, చిటపటమనకూడదు. మూత తీసేముందు ఒక్కో పొర ఏ వరుసలో ఉందో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. రిపేర్ కిట్ దొరికితే డయాఫ్రం, గ్యాస్కెట్, సూది అన్నీ కలిపి మార్చండి.

రంధ్రాల్లో సూదులు, తీగలు పెట్టి పొడవకండి. పెట్రోలు వచ్చే జెట్ సన్నటి ఇత్తడిది, ఒక్క గీత పడినా కొలత మారిపోతుంది. స్ప్రే చాలు. కంప్రెసర్ గాలి కొట్టడమంటే డయాఫ్రం చిరిగిపోవడానికి చీటీ రాసిచ్చినట్టే.

స్క్రూలు తిప్పడం

ఇక్కడ తొందరపడొద్దు. పైవన్నీ అయ్యాక, తాజా పెట్రోలు, శుభ్రమైన ఫిల్టరు, పదునైన చైను ఉండి కూడా మిషను సరిగ్గా నడవకపోతేనే ఈ మెట్టుకు రండి. ముందుగా మీ మిషనులో అసలు స్క్రూలు ఉన్నాయో లేదో చూడండి. స్టిల్ ఎం-ట్రానిక్, హస్క్‌వర్నా ఆటోట్యూన్ మోడళ్లలో పెట్రోలు కొలతను కంప్యూటరే చూసుకుంటుంది.

మామూలు వాటిలో మూడుంటాయి. ఎల్ అంటే నెమ్మదిగా నడిచేటప్పటి పెట్రోలు, హెచ్ అంటే ఫుల్ రేజ్‌లో పెట్రోలు, ఎల్‌ఏ లేదా టి అంటే ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ నొక్కనప్పటి వేగం. ఎల్, హెచ్ రెండూ గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, ఎదురు తిప్పితే పెరుగుతుంది. ముందు అవి ఎంత తెరిచి ఉన్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. మూసేటప్పుడు ఆగగానే ఆపండి. బిగిస్తే సూది మొన పాడవుతుంది. పూర్తిగా మూసి, ఒక చుట్టు వెనక్కి తెరవడం చాలా మిషన్లకు సరిపోయే మొదటి మెట్టు. పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి.

బార్ (చైను తిరిగే పొడవాటి పట్టీ), చైను బిగించి ఉండగానే మిషనును నేల మీద పెట్టి, మొన ఎవరికీ, దేనికీ తగలకుండా చూసి, కొన్ని నిమిషాలు వేడెక్కనివ్వండి. ఎల్‌ను మెల్లగా తిప్పుతూ ఐడ్లింగ్ ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉందో పట్టుకుని, అక్కడినుంచి పావు చుట్టుకు లోపే తెరవండి. చప్పున యాక్సిలరేటర్ నొక్కితే తటపటాయించకుండా అందుకోవాలి. తటపటాయిస్తే ఇంకాస్త తెరవండి. తర్వాత ఎల్‌ఏతో ఐడ్లింగ్ తగ్గించి, చైను కదలకుండా నిలిచేలా చేయండి. చైను తిరుగుతుంటే ఆ మిషనుతో కొయ్యొద్దు.

ఇప్పుడు హెచ్. జనం పిస్టన్లు పోగొట్టుకునేది ఈ ఒక్క స్క్రూ దగ్గరే. దాన్ని మూసేకొద్దీ ఇంజను కీచుమని పైకి పోతుంది, ‘బాగా పికప్ వచ్చింది’ అని సంబరపడతారు. 2టీ ఆయిల్ వచ్చేది పెట్రోలుతోనే కదా. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, పిస్టన్ సిలిండర్‌కు పట్టేస్తుంది. దీనికి హెచ్చరిక ఉండదు. బాగా కోస్తున్నట్టే ఉండి, టక్కున ఆగిపోతుంది.

కాబట్టి హెచ్‌ను ఎప్పుడూ ఎక్కువ తెరిచిన వైపు నుంచే సర్దాలి. రెండు మూడు సెకన్లకు మించి ఫుల్ రేజ్ పట్టకండి. ఖాళీగా రేజ్ చేస్తే శబ్దంలో బుడబుడమనే తడబాటు వినపడాలి. చైనును కర్రలో దించగానే ఆ తడబాటు పోయి శబ్దం శుభ్రంగా రావాలి. ఈ రెండూ వినపడితే సెట్టింగు సరిగ్గా ఉంది, స్క్రూడ్రైవరు జేబులో పెట్టేయండి. ఖాళీగా ఉన్నప్పుడూ గుక్క తిప్పుకోకుండా కీచుమంటుంటే తెరవండి. కర్రలోనూ బుడబుడమంటూ పొగ వస్తుంటే రవ్వంత మూయండి. ఒక్కసారికి గడియారంలో ఒక గంట మేర మాత్రమే తిప్పండి. చెవితో తేల్చుకోలేకపోతే షాపులో టాకోమీటర్ (ఇంజను వేగం కొలిచేది) ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి.

ఎంత తెరిచినా ఇంజను కీచుమంటూనే ఉంటే, లేదా యాక్సిలరేటర్ వదిలినా రేజ్ దిగడానికి ఆలస్యమైతే స్క్రూలు వదిలేయండి. చాలావరకు కార్బరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య రబ్బరు పగిలి గాలి లోపలికి దూరుతూ ఉంటుంది. అలాంటి మిషనును ఒక్క నిమిషం కూడా నడపొద్దు. సైలెన్సర్ విప్పి ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి టార్చ్ వేసి పిస్టన్ పక్కను చూడండి. నున్నగా మెరిస్తే రబ్బరు మార్చి సరిపెట్టుకోవచ్చు. నిలువు గీతలు కనిపిస్తే కార్బరేటర్ కిట్ మీద డబ్బు పెట్టకండి, సిలిండర్-పిస్టన్ సెట్టు ఎంతో అడగండి.