డబ్బా బీన్స్ కొనాలా, ఎండు గింజలు తెచ్చి ఇంట్లో ఉడికించుకోవాలా?

అమెరికాకి కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది షాపులో ఈ వరస దగ్గరే ఆగిపోతారు. ఒకపక్క కాబూలీ శనగల డబ్బాలు, ఇంకోపక్క ఎండు శనగల ప్యాకెట్లు. ఏది తీసుకోవాలన్నది ఏం వండబోతున్నారు అన్నదాన్ని బట్టే ఉంటుంది, డబ్బు సంగతి తర్వాత.

డబ్బు లెక్క సులువే. మామూలు డబ్బా 15 ఔన్సులు, అంటే 425 గ్రాములు. నీళ్లు వంచేస్తే మిగిలేది దాదాపు కప్పున్నర గింజలు. అదే ఒక పౌండు ఎండు శనగలు ఉడికితే దాదాపు ఆరు కప్పులవుతాయి, అంటే నాలుగు డబ్బాల సరుకు. ఇండియన్ స్టోర్‌లో పెద్ద సంచి కొంటే ఇంకా కలిసొస్తుంది.

ఇక వంట. డబ్బాలో గింజలు పూర్తిగా ఉడికిపోయి ఉంటాయి. మూత బిగించాక ఫ్యాక్టరీలో చాలా ఎక్కువ వేడి మీద, ప్రెషర్‌లో ఉడికిస్తారు కాబట్టి మూత తీసి అలాగే తినేయొచ్చు. సలాడ్‌కీ, హమ్మస్‌కీ (శనగలు మెత్తగా రుబ్బి చేసే పచ్చడి లాంటిది), ఆఫీసు నుంచి వచ్చి అరగంటలో చేసుకునే ఛోలేకీ ఇంతకంటే సుఖం లేదు. బొబ్బర్ల వడలకి మాత్రం డబ్బా వద్దే వద్దు. పచ్చి గింజలు నానబెట్టి రుబ్బితేనే వడ నిలుస్తుంది, ఉడికిన వాటిని రుబ్బి నూనెలో వేస్తే విచ్చిపోతుంది. గుగ్గిళ్లకి కూడా నేనైతే ఎండువే వాడతాను, పోపులో వేసి నాలుగుసార్లు తిప్పినా డబ్బావి చితికిపోతాయి.

డబ్బానే వాడుతుంటే మూత తీయగానే గింజల్ని జల్లెడలో పోసి కుళాయి కింద బాగా కడగండి. అలా చేస్తే సోడియం దాదాపు 40 శాతం తగ్గుతుంది, అయినా కూరలో ఉప్పు చివర్లో రుచి చూశాకే వేయండి. ఉబ్బిన డబ్బా, కారుతున్న డబ్బా, అంచు దగ్గర బాగా సొట్టపోయిన డబ్బా ఉంటే రుచి చూడ్డం లాంటి ప్రయోగాలేమీ చేయకుండా చెత్తబుట్టలో వేసేయండి. మిగిలిన గింజలు వేరే గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులుంటాయి.

ఎండు గింజలైతే పని ముందు రోజు రాత్రే మొదలవుతుంది, కానీ అందులో మీరు నిజంగా చేసే పని పది నిమిషాలు కూడా ఉండదు. రాళ్లు, పుచ్చులు ఏరి, కడిగి, గింజలకి మూడింతల నీళ్లు పోసి, రెండు లీటర్లకి రెండు పెద్ద చెంచాల లెక్కన ఉప్పు కలిపి వదిలేయండి. ఉప్పు వేస్తే గింజ ఉడకదని అంటారు గానీ ఇక్కడ జరిగేది ఉల్టా, ఉప్పునీళ్లలో నానితే తొక్క మెత్తబడుతుంది. ఉడకనివ్వనిది పులుపు. చింతపండు, టమాటా గింజ మెత్తబడ్డాకే వేయాలి.

పొద్దున ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కడిగి, గింజలు మునిగి ఒక అంగుళం పైకి వచ్చేలా మంచినీళ్లు పోయండి. కుక్కర్ సగానికి మించి నింపకండి, నురగ పైకొచ్చి వెయిట్ దగ్గర అడ్డుపడుతుంది. నానిన శనగలకి ఇన్‌స్టంట్ పాట్‌లో, అంటే కరెంటు ప్రెషర్ కుక్కర్‌లో, హై ప్రెషర్ మీద 15 నిమిషాలు, మామూలు కుక్కర్‌లో నాలుగైదు విజిల్స్ సరిపోతాయి, ఆవిరి దానంతటదే పోనివ్వాలి. రెండు వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలగాలి. నలగకపోతే ఇంకో రెండు విజిల్స్. మీ ఊళ్లో నీళ్లు కఠినమైనవైతే చిటికెడు వంటసోడా వేయండి. ఏం చేసినా ఉడకడం లేదంటే ఆ గింజలు బాగా పాతవై ఉంటాయి.

రాజ్మా దగ్గర మాత్రం జాగ్రత్త. సరిగా ఉడకని రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది, నాలుగైదు గింజలు తిన్నా కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవ్వొచ్చు. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లించి 30 నిమిషాలు మరగనివ్వాలి, లేదా ప్రెషర్ కుక్కర్‌లో పూర్తిగా మెత్తబడే దాకా ఉడికించాలి. పచ్చి రాజ్మాని స్లో కుక్కర్‌లో వేసి ఆఫీసుకి వెళ్లిపోవద్దు, దాని తక్కువ వేడికి విషం పోదు సరికదా పెరుగుతుంది కూడా. ఇంత ఓపిక లేనిరోజు రాజ్మాకి డబ్బానే మేలు, టెన్షన్ ఉండదు.

వారం మధ్యలో నానబెట్టడం గుర్తుండదు కాబట్టి ఆదివారం పౌండు మొత్తం ఒకేసారి ఉడికించేయండి. నీళ్లు వంచి, ఆరాక, కప్పున్నర చొప్పున జిప్ సంచుల్లో పెట్టి ఫ్రీజర్‌లో పడేస్తే ఒక్కో సంచి ఒక్కో డబ్బాతో సమానం, ఆర్నెల్ల దాకా వాడుకోవచ్చు. వంచిన కట్టు పారబోయకుండా చారు పెట్టుకోండి, ఉప్పగా చిక్కగా ఉండే డబ్బా నీళ్లతో ఆ చారు రాదు.

శ్రావణమాసంలో వాయనాల్లో వచ్చిన నానిన శనగలు కూడా వృథా చేయక్కర్లేదు. కడిగి, తడి ఆర్చి, పచ్చిగానే ఫ్రీజర్‌లో పెట్టేసి, కావాల్సిన రోజు నేరుగా కుక్కర్‌లో వేసేయండి.