ర్యాలీ కన్నా ముందు ఓటరు జాబితా

2023 నవంబరు 30, గురువారం. తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ రోజు. మధ్యాహ్నం మూడున్నర దాటింది. మా కాలనీలో పోలింగ్ జరుగుతున్న బడి బయట ఒకావిడ ఓటరు కార్డు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. లోపల జాబితాలో ఆవిడ పేరు లేదు. నాలుగేళ్ళ కిందట వేరే నియోజకవర్గం నుంచి మా వీధికి వచ్చారు. ఇల్లు మారింది గానీ ఓటు అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు బస్సెక్కి అక్కడికి వెళ్ళేలోపు టైమ్ అయిపోతుంది. "కార్డుంటే చాలనుకున్నాను టీచరమ్మా" అంది. అంతకు పది రోజుల ముందు మేం చేసిన ఓటరు అవగాహన ర్యాలీలో ప్లకార్డు పట్టుకుని ముందు వరసలో నడిచింది ఆవిడే. ఆ ప్లకార్డు రాసి చేతికిచ్చింది నేనే.

ఆ రోజు నుంచి మా పద్ధతి మార్చుకున్నాం. మాది మల్కాజిగిరి వైపు ఒక కాలనీ, దాని వెనకాల ఒక బస్తీ. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. సర్వీసులో ఉండగా నాలుగుసార్లు ఎన్నికల డ్యూటీ చేశాను. ఇప్పుడు పదకొండు మందిమి కలిసి ఇంటింటికీ తిరిగి ఓటరు జాబితా సరిచూసే పని చేస్తున్నాం. మీ దగ్గర కూడా ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే, మేం ఏం చేస్తామో ఉన్నదున్నట్టు చెబుతాను.

ముందుగా ఒక మాట. నగరంలో జనానికి బద్ధకం అని అందరూ అంటారు. 2023 ఎన్నికల్లో రాష్ట్రమంతా కలిపి 71 శాతం దాకా పోలింగ్ జరిగితే హైదరాబాద్ జిల్లాలో సగం కూడా దాటలేదు, నిజమే. కానీ 2024 మే 13న ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఆంధ్రలో, తెలంగాణలో ఒకే రోజు పోలింగ్. అంతకు ముందు రెండు మూడు రోజులు మన బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో కాలు పెట్టే చోటు లేదు. సీటు దొరక్కపోయినా రాత్రంతా ప్రయాణం చేసి వెళ్ళి ఊళ్ళో ఓటేసి వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 81 శాతం దాటింది. వాళ్ళలో ఎంతోమంది మన పక్కింటివాళ్ళే. వాళ్ళని బద్ధకస్తులని ఎలా అంటాం? పేరు ఉన్నచోటికి మనిషి వెళ్ళాడు. మన వీధిలో ఆ పేరు లేదు, అంతే. అందుకే మా పని జాబితాతో మొదలవుతుంది.

ఎన్నికలకి కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. నామినేషన్ల గడువు ముగిశాక కొత్త పేరు ఎక్కదు. దరఖాస్తు పెట్టాక విచారణ, అభ్యంతరాల గడువు ఉంటాయి కాబట్టి చివరి వారంలో పరుగెత్తితే ఫలితం ఉండదు. తెలంగాణ ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో మీ నియోజకవర్గం జాబితాలు పార్టుల వారీగా ఉంటాయి. ఒక్కో పోలింగ్ కేంద్రానికి ఒక్కో పార్టు. మీ వీధులున్న పార్టులు వెతికి ప్రింట్ తీసుకోండి. మాకు మూడు పార్టులు వచ్చాయి. ఆ కాగితాలని వీధుల వారీగా విడదీసి, ఆ వీధిలో కాపురం ఉండేవాళ్ళకే ఇచ్చాం. బయటివాళ్ళు తలుపు కొడితే సగంమంది తీయరు. ఎదురింటి పిల్ల వస్తే కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తారు.

బృందంలో ఎవర్ని తీసుకోవాలో జాగ్రత్తగా చూసుకోవాలి. ఏ పార్టీ జెండా మోసేవాళ్ళనీ మేం తీసుకోం. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. వాళ్ళతో వెళితే మన మాటని జనం వాళ్ళ పార్టీ మాటగానే వింటారు. మాలో ఎవరూ ఇంటింటికీ తిరిగేటప్పుడు అభ్యర్థి పేరు ఎత్తకూడదు. "మీరైతే ఎవరికి వేస్తారు?" అని అడిగితే "అది నా ఒక్కదానికే తెలియాల్సింది అక్కా" అని లేచి వచ్చేయాలి.

ఇక పెన్సిలు పని. ప్రతి ఇంట్లో జాబితా చూపించి ఒక్కొక్క పేరూ చదవాలి. మనిషి ఉంటే టిక్కు. ఇల్లు మారి వెళ్ళిపోతే బాణం గుర్తు. చనిపోతే చిన్న గీత. ఇంట్లో ఉన్నా పేరు లేనివాళ్ళని కాగితం వెనక రాసుకోవాలి. పేరులో, వయసులో, ఇంటి నంబరులో తప్పుంటే సున్నా చుట్టాలి. మా మూడు పార్టులు పూర్తవడానికి ఐదు ఆదివారాలు పట్టింది. వేళ చాలా ముఖ్యం. అపార్ట్‌మెంట్లకి ఆదివారం పది తర్వాత వెళ్ళాలి. బస్తీలో ఆ వేళకి ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి పోతారు, మగవాళ్ళు అడ్డా మీద ఉంటారు. అక్కడికి సాయంత్రం ఏడు తర్వాతే వెళ్ళాలి. మొదటి వారం మాకీ సంగతి తెలియక వరసగా తాళాలు చూసి వెనక్కి వచ్చాం.

తలుపు తీసిన వెంటనే "ఓటు మన హక్కు" అని మొదలుపెట్టకండి. ఆ మాట వాళ్ళు చాలాసార్లు విన్నారు. "జాబితాలో మీ పేరుందో లేదో చూద్దామని వచ్చాం, రెండు నిమిషాలు" అనండి చాలు. పేరు కనబడగానే మనిషి ముఖం మారుతుంది. వేలు పెట్టి చూసుకుంటారు, లోపలున్నవాళ్ళని పిలుస్తారు. "మా కోడలిది ఉందా? మా చిన్నోడిది?" అని వాళ్ళే అడుగుతారు.

జాబితా పనికి మీరు గుర్తుపెట్టుకోవాల్సిన ఫారాలు మూడే. కొత్తగా ఓటు కావాలంటే ఫారం 6. ఇల్లు మారినా, తప్పులు దిద్దించుకోవాలన్నా, కార్డు పోయినా, వికలాంగులుగా నమోదు కావాలన్నా ఫారం 8. తొలగింపుకి ఫారం 7. ఆన్‌లైన్‌లో ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్లో పెట్టవచ్చు, బీఎల్‌వో (మీ పోలింగ్ కేంద్రం జాబితా చూసే బూత్ లెవల్ ఆఫీసర్) చేతికి కాగితం మీదా ఇవ్వవచ్చు. సందేహం వస్తే 1950కి ఫోన్ చేయండి. మా వాకిట్లో ఒక ఆదివారం బల్లవేసి, డిగ్రీ చదివే ఇద్దరు పిల్లల్ని లాప్‌టాప్‌లతో కూర్చోబెట్టాం. దరఖాస్తు పెట్టగానే వచ్చే రిఫరెన్స్ నంబరు తప్పకుండా రాసుకోండి. మేం ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాం. పదిహేను రోజులకోసారి ఆ నంబర్లు వేసి ఎక్కడిదాకా వచ్చిందో చూస్తాం. దరఖాస్తు పెట్టించి వదిలేస్తే సగం పనే చేసినట్టు.

ఫారం 7 జోలికి మాత్రం మేం వెళ్ళం. "ఆ ఫ్లాటువాళ్ళు ఖాళీ చేశారట" అని ఎవరో చెబితే నమ్మి పేరు తీయించామనుకోండి, ఆ మనిషి నిజంగా ఇక్కడే ఉంటే? బాణం గుర్తు పెట్టిన పేర్లన్నీ రాసి బీఎల్‌వోకి ఇస్తాం. విచారించి తేల్చుకునే అధికారం వాళ్ళది. మన చేతి మీదుగా ఒక్క బతికున్న ఓటు కూడా పోకూడదు.

ఎక్కువ తిప్పలు పడేది అద్దెకుండేవాళ్ళు. కరెంటు బిల్లు ఓనరు పేరు మీద ఉంటుంది, అగ్రిమెంటు రిజిస్టరయి ఉండదు. ఆధార్‌లో చిరునామా మారి ఉన్నా, బ్యాంకు పాస్‌బుక్ మీద ఈ చిరునామా ఉన్నా సరిపోతుంది. ఏదీ లేకపోయినా బీఎల్‌వో ఇంటికొచ్చి విచారించి రాయవచ్చు, ఆ దారి ఉందని వాళ్ళకి చెప్పాలి. అద్దెకున్నవాళ్ళకి ఓటు ఇప్పిస్తే ఇల్లు ఖాళీ చేయరేమోనని భయపడే ఓనర్లు మా దగ్గర ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళింటికెళ్ళి కూర్చుని, ఓటుకీ ఇంటి హక్కుకీ సంబంధం లేదని చెప్పి వచ్చాం.

ఊళ్ళో ఓటు ఉంచుకుని ఇక్కడ కూడా పెట్టించుకుంటానని కొందరంటారు. ఒక మనిషికి ఒక్కచోటే ఓటు. ఇంకోచోట లేదని అబద్ధం రాసి సంతకం పెడితే ఏడాది దాకా జైలు పడవచ్చు. ఏది ఉంచుకోవాలో మనం చెప్పకూడదు. "మీ పిల్లల బడి, మీ డ్రైనేజీ, మీ నల్లా నీళ్ళు ఎక్కడ?" అని మాత్రం అడుగుతాను. కొందరు ఇక్కడికి మార్చుకున్నారు, కొందరు ఊరే కావాలన్నారు. వాళ్ళిష్టం.

పద్దెనిమిదేళ్ళ పిల్లల విషయంలో ఇప్పుడు నిబంధన చాలా సులువైంది. ఒకప్పుడు జనవరి 1 ఒక్కటే లెక్క. 2022 ఆగస్టు నుంచి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ లెక్కే. పదిహేడు నిండినవాళ్ళు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంటర్ రెండో ఏడాది పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇది చెప్పండి.

ముసలివాళ్ళ సంగతికి వస్తే, 85 దాటినవాళ్ళూ, 40 శాతం అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్ళూ ఇంట్లోంచే ఓటేయవచ్చు. దానికి ఫారం 12డి ఇవ్వాలి, అదీ నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోగా. ఐదు రోజులు కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతాయి. అందుకే ఇంటింటికీ తిరిగేటప్పుడే ఈ పేర్లు విడిగా రాసి పెట్టుకోండి. ఒకసారి దీనికి ఒప్పుకున్నాక పోలింగ్ కేంద్రానికి వెళ్ళి వేయడానికి ఉండదని కూడా చెప్పండి. మా రెండో వీధిలో ఒక పెద్దాయన అది విని వద్దన్నారు. బడికి నడిచి వెళ్ళి, లైన్లో నిలబడి వేస్తేనే ఓటేసినట్టుంటుందన్నారు. ఆయన్ని వీల్‌చైర్‌లో తీసుకెళ్ళాం.

డబ్బు సంగతి దాచిపెట్టి లాభం లేదు. బస్తీలో ఒక రాత్రి ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "డబ్బులిచ్చి దేవుడి పటం మీద ఒట్టు వేయించుకున్నారమ్మా, ఇప్పుడు తప్పితే పిల్లలకేమన్నా అవుతుందా?" అని అడిగింది. ఆ భయం నిజమైనది, దాన్ని చిన్నచూపు చూడకండి. నేను చెప్పింది ఇది. డబ్బివ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. తప్పు చేయడానికి వేయించుకున్న ఒట్టుకి ఏ దేవుడూ కట్టుబడి ఉండమనడు. ఇంకా ముఖ్యం, నువ్వు ఏ బటన్ నొక్కావో ఎవరికీ తెలిసే దారి లేదు. ప్రిసైడింగ్ ఆఫీసరుగా లోపల కూర్చున్నదాన్ని నేను, నాకే తెలియదు. అట్ట అడ్డం వెనక నీలం బటన్ నొక్కుతావు, ఎర్ర లైటు వెలుగుతుంది, పక్క పెట్టెలో నీ చీటీ ఏడు సెకన్లు కనబడి డబ్బాలో పడిపోతుంది, బీప్ మోగుతుంది. దాని మీద నీ పేరుండదు. ఇదంతా చెప్పాక ఆవిడ ఊపిరి పీల్చుకుంది. యంత్రం ఎలా నొక్కాలో అట్టముక్క మీద బొమ్మ గీసి చూపించండి. ఎవరికీ వేయాలని లేకపోతే 2013 నుంచి చివర్లో నోటా ఉందని కూడా చెప్పాలి. డబ్బు పంచడం కంటపడితే మీరు వెంటపడి వీడియో తీయవద్దు. ఎన్నికల సంఘం వారి సీవిజిల్ యాప్‌లో ఫిర్యాదు పెట్టి పక్కకి తప్పుకోండి, మన పిల్లల క్షేమం ముందు.

చివరి వారం పనులు చాలానే ఉంటాయి. పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు చట్టంలోనే ఉంది. కానీ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి, వాచ్‌మన్లకి, షాపుల్లో పిల్లలకి ఎవరూ ఆ మాట చెప్పరు. మేం ప్రతి అపార్ట్‌మెంటుకీ వెళ్ళి "ఆ రోజు పొద్దున పనమ్మాయిని రావద్దనండి, జీతం కోయకండి" అని అడిగాం. వాచ్‌మన్ అన్న ఓటేసి వచ్చేదాకా గేటు దగ్గర మనలో ఒకరు కూర్చోవచ్చు. ఓటర్ స్లిప్పు ఒక్కటే తీసుకెళితే కుదరదు. ఓటరు కార్డు గానీ ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, ఉపాధి హామీ జాబ్‌కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ లాంటిది గానీ ఉండాలి. కార్డు పోయిందని ఇంట్లో ఆగిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళకిది తప్పకుండా చేరాలి.

పోలింగ్ రోజు మేం కేంద్రానికి వంద మీటర్ల అవతలే ఉంటాం. ఎవరి ప్రచార వాహనంలోనూ ఎవర్నీ ఎక్కించం. అభ్యర్థి తరఫున ఓటర్లని ఉచితంగా తరలించడం చట్టప్రకారం అక్రమం. మా బృందంలో ఇద్దరి స్కూటర్లు, ఒక వీల్‌చైర్, జాబితా కాగితాలు మాత్రమే మా సామగ్రి. ముసలివాళ్ళని ఏడింటికే తీసుకెళ్ళండి, ఎండా ఉండదు, లైనూ తక్కువ. మధ్యాహ్నం రెండింటికి, ఓటేసినట్టు ఇంకా టిక్కు పెట్టని పేర్లు చూసి ఇంకోసారి తలుపు తట్టండి, బలవంతం చేయకండి. గడువు ముగిసే సమయానికి లైన్లో ఉంటే ఎంత ఆలస్యమైనా ఓటు వేయనిస్తారు, వెనక్కి రావద్దని చెప్పండి. "మీ ఓటు ఎవరో వేసేశారు" అని లోపల చెబితే ఏడ్చుకుంటూ ఇంటికి రాకూడదు. టెండర్ ఓటు కావాలని ప్రిసైడింగ్ ఆఫీసర్ని అడగాలి, కాగితం బ్యాలెట్ ఇస్తారు.

పోలింగ్ అయ్యాక ఆ జాబితా కాగితాలు పారేయకండి. మున్సిపల్ ఎన్నికలకీ జాబితా ఇందులోంచే తయారవుతుంది. మేం మా కాగితాలని ఒక రేకు పెట్టెలో పెట్టి తాళం వేశాం. వాటిలో ఇళ్ళవాళ్ళ ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి. ఆ కాగితాలు ఇమ్మని ఇప్పటికి ఇద్దరు వేర్వేరు పార్టీలవాళ్ళు అడిగారు. ఇవ్వలేదు. ఈ అక్టోబరు ఒకటికి పద్దెనిమిది నిండేవాళ్ళు మా వీధిలో ఆరుగురున్నారు, వాళ్ళ పేర్లు పెట్టె మూత లోపలి వైపు అంటించి ఉన్నాయి.